డయాలసిస్ గదిలో ఒంటిగంట సీరియల్

2022లో నేను గోపాలపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో నర్సుని. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ల రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తెచ్చి, మిషన్‌లో శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించడమే మా పని. ఒక్కో సిట్టింగు నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది.

నూకాలమ్మ మధ్యాహ్నం షిఫ్టు పేషెంటు. ముప్పై ఏళ్లు ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసి అమ్మిన మనిషి. ఒంటిగంటకి గోడమీది టీవీలో సీరియల్ మొదలైతే ఆవిడ కళ్లు ఇంక పక్కకి తిరిగేవి కావు. అందులో అత్తగారు మనవరాల్ని రైల్వే స్టేషన్‌లో వదిలేసి వస్తుంది, తల్లి ఊరూరా వెతుకుతుంటుంది. పిల్ల ఒక ప్లాట్‌ఫారం మీద, తల్లి ఎదురు ప్లాట్‌ఫారం మీద ఉండగా మధ్యలోంచి ఒక గూడ్సుబండి వెళ్లడానికి మూడు రోజులు పట్టింది. నూకాలమ్మ ఆ అత్తని తిట్టే తిట్లకి వార్డంతా నవ్వేది.

ఒకరోజు తనిఖీలో మా టీవీకున్నది ఇళ్లకిచ్చే కనెక్షనని, ఆసుపత్రిలో వాడకూడదని తేలింది. మేనేజ్‌మెంటువాళ్లు సరైన కనెక్షన్ తీసుకోకుండా టీవీనే ఊడదీయించారు. ఆయా తన ఫోన్‌లో ఎవరో పంపిన దొంగ లింకుతో సీరియల్ పెట్టబోతే నేనే ఆపాను. అదే సీరియల్ చందా కట్టి చూసే యాప్‌లో ఉందని, నా ఫోన్‌లో పెట్టి చూపించవచ్చని నాకు తెలుసు. నాకెందుకులే అనుకున్నాను.

తర్వాతి వారం నూకాలమ్మ ఒక సిట్టింగు మానేసింది. ఫోన్ చేస్తే, "ఒంటిగంటకి సీరియల్ పోతాదమ్మా, ఇంటికాడ సూత్తన్నాను" అంది. నాకు ఒళ్లు మండింది. ప్రాణం ముఖ్యమా, సీరియల్ ముఖ్యమా అని చెడామడా తిట్టాను. ఆ దెబ్బకి ఒకసారి వచ్చింది గానీ, గంటన్నరకే మిషన్ ఆపమని గొడవచేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు మానేసింది. కేస్ షీట్‌లో 'సీరియల్ కోసం రావడం లేదు' అని రాసి సంతకం పెట్టాను. రాస్తూ కాస్త నవ్వుకున్నాను కూడా.

చివరికి కొడుకు ఆటోలో వేసుకొచ్చాడు. కాళ్లు, మొహం ఉబ్బిపోయాయి, ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ పెట్టి, సూది గుచ్చబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, కళ్లమీద గుడ్డెయ్యవా?"

ఎందుకమ్మా అన్నాను. ఆగి ఆగి చెప్పింది.

"ఇన్నేళ్లు సేపల రగతంలో సేతులెట్టి బతికినాను. నా రగతం గొట్టాల్లో ఎల్తాంటే సూడనేనమ్మా. టీవీ ఉంటే అటేపు సూసీదాన్ని. బయ్యమని సెప్తే నవ్వుతారని... సీరియల్ అని సెప్పినాను."

తువ్వాలు మడిచి కళ్లమీద కప్పాను. మిషన్ మొదలెట్టిన అరగంటకి గుండె ఆగింది. డాక్టరుగారూ నేనూ మార్చి మార్చి ఛాతీ నొక్కాం, తిరిగి కొట్టుకోలేదు. కొడుకు మాకు దణ్ణం పెట్టాడు. నేను తల ఎత్తలేకపోయాను.

దొంగ లింకు ఆపడం తప్పు కాదు, ఇప్పుడైనా ఆపుతాను. సరైన దారి చేతిలో ఉండి కూడా చూపించకపోవడమే నా తప్పు. ఆ నెలలోనే యాప్‌కి చందా కట్టాను. ఇప్పుడు ఎవరైనా రావడం మానేస్తే కారణం అడుగుతాను. వాళ్లు చెప్పింది విన్నాక, మిషన్ దగ్గర భయమేస్తోందా అని మళ్లీ అడుగుతాను. చాలామంది తల వంచుకుని అవునంటారు. నూకాలమ్మని ఎందుకు రావడం లేదని అడిగింది ఒక్కసారే, అదీ తిడుతూ.