తలవంచని పెళ్లికూతురు

అహ్లోన్ పేటలో మా పక్కింటి దర్జీ పిల్ల ఏం మాట్లాడినా ముందు గడ్డం పైకెత్తేది. నాకు ఆ గడ్డం మహా ఇష్టం. ఆ ఏడు, సముద్రం దాటొచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా తెలుగువాళ్లు ఆడిన పాతకాలపు నాటకంలో, ముసలివాడికి కట్టబెట్టే చిన్న పెళ్లికూతురి వేషం తనే వేసింది. ఎప్పుడూ మగవాళ్లే వేసే వేషమది. పెళ్లికాని పిల్ల స్టేజీ మీద తాళి కట్టించుకుంటే సంబంధం తప్పిపోతుందని పెద్దల భయం. పిచ్చి భయం! కానీ ఏటి అవతల దలా నుంచి పిల్లను చూడ్డానికొచ్చిన పెళ్లికొడుకు తల్లి ముందు వరసలోనే కూర్చుంది.

తాళి మెడ దాకా వచ్చింది. తలవంచుకుని ఏడవాల్సిన పిల్ల గడ్డం పైకెత్తి, ముసలివాడి చెయ్యి పట్టేసింది!

"ఏటి తాతా, నన్నడిగేవా?"

హాలు దద్దరిల్లింది. పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడి అరిచింది.

"ఓలమ్మా! మావోడినీ అలాగే అడుగు పిల్లా, నీ ఎనకాల నానుంతాను!"