అంటే అత్తయ్య

మా అత్తయ్య దగ్గర ఎవరూ నైస్ అనకూడదు. అన్నవాళ్ళను ఆవిడ "అంటే?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా వదలదు. వాన నైస్‌గా ఉందన్న పోస్ట్‌మ్యాన్‌ను గుమ్మంలో నిలబెట్టి, చల్లగా ఉందా, సన్నగా ఉందా, హాయిగా ఉందా అని ఆరా తీసింది. సంగతి తేలేలోపు ఆయన పూర్తిగా తడిసిపోయాడు. వీధి అంతా కలిసి ఆవిడకు "అంటే అత్తయ్య" అని పేరు పెట్టింది. ఆ పేరు ఆవిడకు నచ్చింది. ఎలా నచ్చిందని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

ఆవిడది కళ్లజోళ్ల కొట్టు. ముందు గదిలో ఆవిడ ఫ్రేములు పెట్టి చూస్తుంది. వెనక గదిలో మావయ్య అద్దాలు అరగదీస్తాడు. మధ్యలో ఒక పరదా. మరలు బిగించడం, కాడలు వంచడం నా పని. కళ్లజోళ్ల కొట్టులో రోజంతా వినపడే మాట నైస్. పెట్టుకున్నవాళ్ళు అంటారు. తోడు వచ్చినవాళ్ళు ఫోన్ లోంచి తల ఎత్తకుండా అంటారు. చేపలు అమ్ముతూ నీచు వాసన పడదన్నట్టు, ఈ మనిషి ఈ వ్యాపారంలోనే కూర్చుంది.

మావయ్య కూడా మొదట జోడు కోసం వచ్చినవాడే. కొట్టు నైస్‌గా ఉందన్నాడట. అంటే, అని అత్తయ్య అడిగింది. ఆయన ఇంటికి వెళ్ళి ఆలోచించి, మర్నాడు వచ్చి పొందిగ్గా ఉందన్నాడు. ఇంకోరోజు వచ్చి, కాదు, వెలుతురుగా ఉందన్నాడు. అలా వస్తూ వస్తూ పెళ్ళి దాకా వచ్చాడు. ఒక్క మాట తేల్చుకుని పోదామని వచ్చానురా, ఇక్కడే ఉండిపోయాను అంటాడు పరదా వెనక నుంచి.

కొట్టులో నిలువుటద్దం మీద ఎప్పుడూ ఒక గుడ్డ కప్పి ఉంటుంది. ముందు అత్తయ్య చూడాలి. చూసి ఒక మాట చెప్పాలి. ఆ తర్వాతే గుడ్డ తీస్తుంది. పైగా ఒకరికి ఇచ్చిన మాట ఆ రోజు ఇంకొకరికి ఇవ్వదు. అందుకని అందం కావాలనుకున్నవాళ్ళు తాళం తీయకముందే వచ్చి నిలబడేవాళ్ళు. ఒక పెళ్ళికొడుకు సాయంత్రం వచ్చాడు. అప్పటికే అందం, చక్కదనం, సొగసు, ముచ్చట, అన్నీ వెళ్ళిపోయాయి. కుదురుగా ఉన్నావు బాబూ, అంది. అయితే రేపు పొద్దున్నే వస్తానన్నాడతను. రా, కానీ రేపు కూడా నువ్వు కుదురుగానే ఉంటావు, అంది. ఒక లాయరుకు, ఈ జోడులో మీరు అమాయకంగా ఉన్నారని చెప్పింది. ఆయన కంగారుపడి వేరే ఫ్రేము తీసుకున్నాడు.

ఇంత చాదస్తానికి జనం ఇంకో కొట్టుకు పోవాలి. పోలేదు. ఆవిడ మేనల్లుడివా అని వీధిలో ఎవరైనా అడిగితే నేను ఇంకాస్త నిటారుగా నిలబడతాను.

ఒక శనివారం లెక్కల టీచరు వచ్చింది. బళ్ళో నాకూ చెప్పిన మనిషే. ఆవిడ వరండాలో నడుస్తుంటే గోడమీది బల్లి కూడా కదిలేది కాదు. ఈమధ్య జబ్బు చేసి మూతి ఒక పక్కకు లాగేసింది. ఎడమ చెంప జారింది, దానితోపాటు పెదవి కొస కూడా. ఇంతకన్నా సర్దుకోదని డాక్టరు చెప్పేశాడట. సెలవు అయిపోయింది. సోమవారం క్లాసుకు వెళ్ళాలి. లేదా ఉద్యోగం మానుకోవాలి. ఏదీ తేల్చుకోలేక మా కొట్టుకు వచ్చింది.

"మొహంలో సగం కప్పేసేది ఏదైనా ఉంటే ఇవ్వండి," అంది. "ఇంకో మాట. నైస్‌గా ఉన్నానని మాత్రం అనకండి. ఇంట్లో అందరూ అంటున్నారు. తలుపు వైపు చూస్తూ అంటున్నారు."

అత్తయ్య ఈసారి "అంటే?" అని అడగలేదు. టీచరును కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తాను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మొదట పెద్ద ఫ్రేము పెట్టింది. చూసింది. తీసేసింది. ఇంకోటి పెట్టింది. గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. మాట రాలేదు. అత్తయ్యకు మాట రాకపోవడం నేను అంతకుముందు చూడలేదు. వెనక గదిలో యంత్రం ఆగింది. మావయ్య పరదా తీసి తొంగిచూశాడు. గుమ్మంలోంచి ఎవరో, ఏదో ఒకటి చెప్పి పంపించండమ్మా అన్నారు. మీకు ఏదో ఒకటి ఇస్తే పుచ్చుకుంటారా, అంది అత్తయ్య తల తిప్పకుండా.

టీచరు లేచింది. "వెళ్తానండి. మీకే మాట దొరకలేదంటే అర్థమైంది."

"కూర్చోండమ్మా. తొందరపడితే జవాబు తప్పు వస్తుంది. లెక్కలు చెప్పేవారు, మీకు తెలియదా?"

టీచరు కూర్చుంది. బహుశా బతుకులో మొదటిసారి ఒకరు కూర్చోమంటే కూర్చుంది.

అత్తయ్య పెద్ద ఫ్రేములన్నీ పక్కకు నెట్టింది. సన్నటి తీగ ఫ్రేము ఒకటి తీసి పెట్టింది. అది దేన్నీ దాచదు. మళ్ళీ చాలాసేపు చూసింది.

"ఎడమవైపు జారింది. నిజమే. కనపడటం లేదని నేను చెప్పను. కుడివైపు పెదవి మాత్రం పైకి వెళ్ళింది. ఏదో తుంటరి పని చేసి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నట్టున్నారు. కొంటెగా ఉన్నారమ్మా."

నా చేతిలోంచి మర జారి ఎక్కడో పడింది. ఆ టీచరును కొంటెది అన్నవాణ్ణి మా బళ్ళో అయితే జ్వరం వచ్చిందని ఇంటికి పంపేవాళ్ళు.

అత్తయ్య లేచి గుడ్డ తీసింది. టీచరు అద్దంలోకి చూసుకుంది. ఏడుస్తుందేమోనని మావయ్య మంచినీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఆవిడ కుడి పెదవి కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి.

"మోసగత్తెలా ఉన్నాను," అంది నవ్వుతూ.

"మోసగత్తె కాదు, కొంటె. తేడా ఉంది," అత్తయ్య సరిదిద్దింది.

"పిల్లలు భయపడితే?"

"ఇన్నాళ్ళూ భయపడ్డారుగా. ఇప్పుడు అనుమానపడతారు."

టీచరు ఆ తీగ ఫ్రేమే తీసుకుంది. గుమ్మం దగ్గరి జనం దారి ఇచ్చారు. ఈసారి ఎవరూ తలుపు వైపు చూడలేదు. ఆవిడనే చూశారు, తీరిగ్గా, మా అత్తయ్య నేర్పినట్టు. ఆ కొట్టులో మరలు బిగించేవాణ్ణయినందుకు ఆ పూట నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

సోమవారం బడి వదలగానే టీచరు తిన్నగా కొట్టుకు వచ్చింది. కాడ కాస్త వదులైందట. బిగిస్తున్నంతసేపూ క్లాసు సంగతి చెప్పింది. బోర్డు మీద లెక్క వేసి ఇటు తిరిగిందట. పిల్లలంతా ఆవిడ మొహమే చూస్తున్నారట. అప్పుడు ముందు బెంచీ పిల్ల మెల్లగా లేచి, టీచర్, ఈ లెక్కలో ఏదో తిరకాసు ఉంది కదా, మీ మొహం చూస్తే తెలిసిపోతోంది, అందట. అది నిజానికి ఉత్త మామూలు లెక్క. పిల్లలు మాత్రం ఎన్నడూ లేనంత శ్రద్ధగా తిరకాసు వెతికారట. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదట.

"మరి తిరకాసేమీ లేదని చెప్పారా?" అని అడిగాను.

టీచరు జోడు పెట్టుకుని, కుడి చేత్తో కాడ సర్దుకుంది.

"ఇంటికెళ్ళి కూడా వెతకమన్నాను."