మస్కట్‌లో నా కరెంటు పని

మా అమ్మాయి ఇంటర్ పాసై, డిగ్రీలో చరిత్ర తీసుకుంటానని దరఖాస్తు నా ముందు పెట్టింది. సంతకమైతే పెట్టాను గానీ, ఆ రోజు నుంచీ మనసు మనసులో లేదు. చరిత్రలో ఎం.ఏ. చేసినవాడినే నేనూ. ఇంట్లో ఒకడు ఎం.ఏ. అంటే దేవరకొండ చుట్టుపక్కల ఎంత మర్యాద ఉండేదో మన ఈడువాళ్ళకు వేరే చెప్పాలా!

తెలంగాణ వచ్చిన కొత్తలో, కొలువు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, వయసు మీద పడుతుంటే చివరికి మస్కట్ దారి పట్టాను. నా చదువుకు అక్కడ పని లేదని, ఎలక్ట్రీషియన్ అని రాసుకుంటే జీతం రెండింతలని ఏజెంటు చెప్పాడు. మా చిన్నాయన కొడుకు పది గట్టెక్కి ఐటీఐలో ఆ పనే నేర్చాడు, వాడూ నాతోనే బయలుదేరుతున్నాడు. పదిహేను రోజులు ఆ తమ్ముడి దగ్గర తీగలు కలపడం నేర్చుకున్నాను. బోర్ల దగ్గర పెరిగిన నాకు కరెంటు ఒక లెక్కా అన్న ధీమా ఒకటి. వచ్చినట్టేనా అని అడిగితే, "వచ్చిందిలే అన్నా" అన్నాడు వాడు, నేల చూస్తూ.

పనిలో చేరిన నాలుగో రోజే, కడుతున్న ఒక మేడలో, ఫోర్‌మన్ నన్ను కరెంటు పెట్టె ముందు నిలబెట్టి తీగలు మార్చమన్నాడు. చెమటకు చేతిలో స్క్రూడ్రైవర్ జారిపోతోంది. రాదంటే వెనక్కి పంపేస్తారు, ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? అంతలో నెత్తి మీది దీపం ఆరిపోయింది. మా బోరు దగ్గర మోటరు ఆగిందంటే కరెంటు పోయిందనే లెక్క, స్టార్టరు విప్పి చెయ్యి పెట్టేస్తాం. ఆ అలవాటుతోనే చెయ్యి చాపాను. ఆరింది ఆ ఒక్క దీపమేనని, పెట్టెలో కరెంటు అలాగే ఉందని నాకు తెలియదు.

పక్క గదిలోంచి చూసి తమ్ముడు ఉరికొచ్చి నా రెట్ట పట్టి గుంజాడు. "ఆగన్నా! లైను బందు కాలే, సస్తవ్!" అని అరిచి, ఫోర్‌మన్ వైపు తిరిగి, ఇతనికి ఈ పని రాదని వచ్చీరాని హిందీలో ఉన్నమాట చెప్పేశాడు.

వెనక్కి పంపలేదు గానీ, సగం జీతానికి హెల్పర్‌ను చేశారు. రెండేళ్ళు తమ్ముడు నిచ్చెన ఎక్కితే నేను కింద పట్టుకున్నాను. ప్రాణం నిలబెట్టినవాడితో మూడు నెలలు మాట్లాడలేదు, నలుగురిలో పరువు తీశాడని అంత కోపం! ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

వాడిప్పుడు దేవరకొండలో దుకాణం పెట్టి, గల్ఫ్ పోయేవాళ్ళకు పని నేర్పుతున్నాడు. ఏం చదివావని అడిగే కాలం పోయి, ఏం పని వచ్చని అడిగే కాలం వచ్చింది. అందుకే డిగ్రీలు చేసినవాళ్ళు కూడా వాడి ముందు నిలబడుతున్నారు. ఎంతటివాడినైనా సరే, "నీకింకా రాలే, ఇంటికి పో" అని మొహం మీదే అంటాడు. ఆ పదిహేను రోజుల్లో నన్ను మాత్రం అలా అనలేకపోయాడు. అన్నను, పైగా ఎం.ఏ. చదివినవాడిని, ఎలా అంటాడు? వచ్చిందిలే అని, నన్ను చావు దాకా తీసుకుపోయిన ఆ అబద్ధాన్ని వాడి చేత ఆడించింది నా పెద్దరికమే. ఆ సంగతి వాడితో చెప్పుకోవడానికి ఈనాటికీ నాకు ఆ పెద్దరికమే అడ్డొస్తోంది.