రెండు గ్రూపుల్లో వచ్చిందని నమ్మాను

మా చిన్నప్పుడు సిరిసిల్లలో కరెంటు పోతేనే వార్తలు వినపడేవి... నిజంగానే! మరమగ్గాలను మావైపు సాంచాలు అంటారు. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. కరెంటు పోగానే సాంచాల మీద పనిచేసేవాళ్లంతా ఒంటిమీది దూది దులుపుకుంటూ మూలమీది చాయ్ హోటల్‌కు వచ్చేవాళ్లు.

అక్కడ మా బాపు, అంటే మా నాన్న, తెలుగు పేపరు అందరికీ వినపడేలా చదివేవాడు. ఎదురు బల్ల మీద ఆయన జోడీ గౌస్ చాచా... ఉర్దూ పేపరు చూస్తూ చూస్తూనే తెలుగులో చెప్పేవాడు. ఒక వార్త ఇద్దరి పేపర్లలోనూ ఉంటే పక్కా అన్నట్టు. ఒక్కదాంట్లోనే ఉంటే "రేపటిదాక సూద్దాం తీయ్" అనేవాడు బాపు. ఇక ఆ ముచ్చటను ఎవరూ ఇంటిదాకా మోసుకుపోయేవాళ్లు కాదు.

బాపుకు సద్ది గిన్నె ఇచ్చే వంకతో నేనూ అక్కడే తిష్ట వేసేదాన్ని... సినిమా పేజీ బొమ్మల కోసమే అనుకోండి!

ఒకసారి కరెంటు కోతలు ఎక్కువయ్యాయని మా వాడవాళ్లు ఊరేగింపు తీశారు. బాపు, చాచా ఇద్దరూ ముందు వరుసలో నడిచారు. అరిచారు, ఆఫీసులో కాగితం ఇచ్చారు, ఇంటికొచ్చారు. అంతే జరిగింది. తెల్లారి హోటల్లో పేపరు చదువుతూ బాపు మధ్యలో ఆగిపోయాడు. మా వాడవాళ్లు రాళ్లు రువ్వారని రాసి ఉంది...

"అరే, నేను ఆడనే ఉన్న గదా! రాయి ఏడికెల్లి అచ్చింది?" అన్నాడు. బాపు ముఖం అట్లా తెల్లబోవడం నేను అంతకుముందు చూడలేదు. అచ్చులో అబద్ధం ఉంటుందా?!

గౌస్ చాచా తన పేపరంతా వెతికాడు. "నా దాంట్ల రాయి లేదు భాయ్... గని కరెంటు ముచ్చట గూడ లేదు. మనం ఊకెనే తిరిగచ్చినట్టు రాసిండ్రు" అని నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "బేటీ, ఎన్ని పేపర్లల్ల అచ్చినా సరే... కండ్లార సూసినోళ్లు ఎవరో అడుగు" అన్నాడు.

నేను మాత్రం "రెండు పేపర్లల్ల ఉంటే పక్కా" అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాను. చాచా చెప్పిన మాట ఈ చెవిలోంచి వచ్చి ఆ చెవిలోంచి పోయిందని నాకు ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు కోరుట్లలో టీచర్ని. అంతకుముందు రుద్రంగి అవతల ఒక పల్లెలో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడి పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉన్నాను. ఈ ఛానల్ ఫలానా పార్టీది, ఆ పేపరు ఫలానా పార్టీది, ఏదీ నమ్మకండని ఇంట్లో అందరికీ క్లాసు పీకేది కూడా నేనే...

ఒక పొద్దున బడికి తయారవుతుంటే ఒక మెసేజ్ వచ్చింది. దుప్పట్లు అమ్మే వేషంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మనవైపు తిరుగుతోందట. మా చుట్టాల గ్రూపులోనూ అదే, కాలనీ గ్రూపులోనూ అదే. రెండు చోట్లా వచ్చింది కదా, ఇక పక్కా అనుకున్నాను. పల్లె గ్రూపులో పెట్టేసి, పైన "అందరూ జాగ్రత్త" అని నా మాట కూడా చేర్చాను. ఎవరో ఒక్కరు రాసిందే రెండు చోట్లకూ పాకి ఉంటుందన్న ఆలోచన... నాకు రాలేదు!

మధ్యాహ్నం బాపు ఫోన్. "బిడ్డా... మన గౌస్ కొడుకు సలీంను నువ్వు పనిజేసిన ఊర్ల పట్టుకున్నరట. పిల్లల దొంగ అంటున్నరట."

సలీం... ఏళ్ల తరబడి బండి మీద దుప్పట్లు కట్టుకుని ఊరూరా అమ్ముకుంటున్న సలీం! మా మంచం మీది దుప్పటి కూడా అతని దగ్గర కొన్నదే. దుప్పట్లు అమ్మేవాళ్లు అని చదివి కూడా నాకు సలీం గుర్తు రాలేదు. ఎట్లా రాలేదు?! ఇప్పటికీ నా మీద నాకే నమ్మకం కలగడం లేదు.

అది తప్పుడు మెసేజ్ అని, సలీం మా వాడ మనిషి అని గ్రూపులో పెట్టాను. ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. బడిలో చెప్పి ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఒకటే భయం... కొట్టేస్తారేమో, ప్రాణం ఉంటుందో లేదో...

నేను వెళ్లేసరికి పోలీసులు వచ్చారు కాబట్టి బతికాడు. అరుగు మీద కూర్చోబెట్టారు. చొక్కా చినిగింది, పెదవి పగిలింది. దుప్పట్లన్నీ మట్టిలో ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది నా దగ్గర చదివిన పిల్లల అమ్మానాన్నలే. నన్ను చూసి నమస్తే పెట్టారు!

"ఈయన దొంగని నీకెవరు చెప్పిండ్రయ్యా?" అని ఎస్సై ఒకాయనను గద్దిస్తున్నాడు.

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. "మా మేడమే పెట్టింది సార్. టీవీవోళ్లు చెప్తే మేం నమ్మకపోదుము... మేడం అబద్ధం చెప్పది గదా!"

సలీం తలెత్తాడు. "అక్కా... నువ్వా?" అన్నాడు.

అందరి ముందూ తప్పు నాదేనన్నాను. సలీం చేతులు పట్టుకుని మాఫీ అడిగాను... తల ఊపాడు. ఆ ఊరివాళ్లు సిగ్గుపడి రమ్మని కబురు పెట్టినా, ఆ తర్వాత అతను అటువైపు బండి తిప్పలేదు. మా ఇంటికీ రావడం లేదు.

ఏ పేపరును నమ్మాలి, ఏ ఛానల్‌ను నమ్మాలి అని అందరం వాదించుకుంటాం. ఆ రోజు ఆ ఊరికి పేపరూ నేనే, ఛానలూ నేనే... మిమ్మల్ని కూడా ఇంకేమీ అడగకుండా నమ్మేవాళ్లు ఎక్కడో ఉంటారు. వాళ్లకు మీరు చివరిసారి పంపిన వార్త ఏంటి? దాన్ని కళ్లారా చూసిన మనిషి పేరు మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి...