కొండకి లాకులుంటాయనుకున్నాను

కొండ ఎక్కడానికి పడవ మాట్లాడుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. గోదావరి రెండు ఒడ్డులూ గాలించినా అలాంటివాడు నేనొక్కణ్ణే దొరుకుతాను. పైగా ఒట్టి పడవ కాదు. అందులో ఉబ్బసం మనిషి అయిన మామగారిని, ఆయన ఉయ్యాల బల్లని, ఏనుగుకి నీళ్ళు పోయడానికి సరిపోయే ఇత్తడి గంగాళాన్ని, ఇంకా కాపురానికి రాని నా భార్యని ఎక్కించి మరీ బయలుదేరాను. ఆ ప్రయాణం ఎలా తగలడిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచిన కొత్త రోజులవి. కోనసీమలో ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతున్నారు. మాది కొత్తపేట, మామగారిది అల్లవరం. నాకు పెళ్ళయింది గాని పెళ్ళాం ఇంటికి రాలేదు. కారణం మామగారి ఉబ్బసమే. వేసవి వచ్చిందంటే ఆయనకి ఊపిరాడేది కాదు. పడుకుంటే దగ్గు, నడిస్తే ఆయాసం. ఉయ్యాల బల్ల మీద నిటారుగా కూర్చుంటేనే కాస్త తెరిపి. అత్తగారు లేరు. కషాయం కాయడం దగ్గర్నుంచి విసనకర్ర విసరడం దాకా అన్నీ నా భార్య సీతమ్మే చూసుకునేది.

నేను వెళ్ళినప్పుడల్లా మామగారు ఎంతో మర్యాదగా ఒకటే మాట చెప్పేవారు.

"నా ఊపిరి కుదుటపడగానే అమ్మాయిని పంపించేస్తానండీ, అల్లుడుగారూ. అందాకా తమరు ఓపిక పట్టాలి."

"ఆయ్, అలాగేనండీ," అనేవాణ్ణి. ఆయన ఊపిరి కోసం నేను మొక్కినన్ని మొక్కులు ఆయన కూడా మొక్కుకుని ఉండరు.

ఆ ఏడు ఎండలు ముదురుతూండగా రాజమండ్రి నుంచి ఒక వైద్యుడుగారు వచ్చి నాడి చూశారు. నేను పక్కనే నిలబడ్డాను.

"ఇది మందులకి లొంగదండి. గాలి మారాలి," అన్నారాయన. "గోదావరి ఎగువన మన్యంలో మబ్బుకొండ అని ఉంది. దాని మీద జమీందారుగారు వేసవి విడిది కట్టించేరు. వచ్చినవాళ్ళకి ఇళ్ళు ఇస్తారు. రోహిణీకార్తెలో కూడా దుప్పటి కప్పుకోవాలండి అక్కడ. పైగా ఆ ఊరికి బండి వెళ్ళదు. చక్రమన్నది తిరగదు. అంచేత దుమ్మే లేవదు. ఈయన ఊపిరికి అంతకన్నా మంచి చోటు లేదు."

"బండి వెళ్ళదన్నారు కదండీ?" అన్నాను.

"వెళ్ళదండి. అంచేత అక్కడికి చేరాలంటే ఏం చెయ్యాలంటే..."

"అర్థమైందండీ. ఇంక నాకొదిలేయండి."

ఆయన మళ్ళీ నోరు తెరవబోయారు. నేను ఆ నోటికి కొబ్బరిబొండం అందించాను. తెలివైనవాడికి సగం చెబితే చాలునని, ఆ తెలివైనవాణ్ణి నేనేనని నా నమ్మకం.

మీరే చెప్పండి, ఇందులో నా తప్పేముంది? మా సీమలో బండి వెళ్ళని చోటంటే ఏమిటి? ఏటి నడుమ లంక. లంకకి ఎలా వెళ్తాం? పడవలో. అప్పటిదాకా నేను చూసిన ఎత్తయిన చోటు ఏటిగట్టు. దానికంటే ఎత్తుగా ఉండేది కొబ్బరిచెట్టు. కొండంటే మూడు నాలుగు ఏటిగట్లు ఒకదాని మీద ఒకటి పోసినట్టుంటుందని అనుకున్నాను.

తిన్నగా రేవుకి పోయి సరంగు పోలయ్యని పట్టుకున్నాను. గూటిపడవ నడపడంలో అతన్ని మించినవాడు లేడని పేరు.

"ఎక్కడికండీ?" అన్నాడు.

"మబ్బుకొండ మీదికి."

"బండెళ్ళదాండీ?"

"వెళ్ళదు."

"అయితే పడవేనండి," అన్నాడు. అతనూ మా సీమవాడే కదా. కాసేపు గడ్డం గోక్కుని, "కొండంటే ఎత్తుగా ఉంటదంటారు. పడవ పైకెలా ఎక్కుద్దండీ?" అని అడిగాడు.

"ధవళేశ్వరం లాకు చూడలేదా? పడవని లోపల పెట్టి, తలుపులు మూసి, నీళ్ళు నింపి పైకెత్తేస్తున్నారు కదా. అంత విడిది కట్టించిన జమీందారుగారు కొండకి నాలుగు లాకులు పెట్టించరా?"

పోలయ్య లోపల ఏవో లెక్కలు వేసుకున్నాడు. "నాలుగు చాలవేమోనండి."

"అయితే ఆరు."

"ఆయ్, ఆరైతే సరిపోద్దండి."

ఇద్దరు మేధావులం అలా తేల్చేశాం. పడవే పైదాకా వెళ్తుందంటే సామాను సంగతి ఆలోచించేదేముంది? మామగారు తన ఉయ్యాల లేకుండా రానన్నారు. బల్లా, గొలుసులూ ఎక్కించాం. కొండమీద చలి కాబట్టి వేణ్ణీళ్ళకి గంగాళం ఎక్కించాం. గెలలకి గెలలు కొబ్బరికాయలు ఎక్కించాం. నేను గొలుసులు మూటకడుతూంటే సీతమ్మ తలుపు చాటుకి వచ్చి, నాతో ఎన్నడూ మాట్లాడని మనిషి, మెల్లిగా అడిగింది.

"కొండమీదికి పడవ ఎలా వెళ్తుందండీ?"

"లాకులుంటాయి. అవన్నీ నీకు తెలియవులే," అన్నాను.

"ఊఁ," అంది. ఆ ఊఁలో ఎంత అర్థం ఉందో ఆ పూట నాకు తెలియలేదు.

దారి పొడుగునా మామగారు నన్ను పొగడని రేవు లేదు. జొన్నాడలో ఎవరో, "ఎందాకండీ ప్రయాణం?" అని అడిగితే, దగ్గుల మధ్యనే, "మా అల్లుడుగారు నన్ను కొండమీదికి పడవలో తీసుకెళ్తున్నారండీ," అని గర్వంగా చెప్పారు. అడిగినవాడు నా వంక ఎంతో గౌరవంగా చూశాడు. అక్కడ కూడా కొండ చూసినవాడెవడూ లేడు మరి.

ధవళేశ్వరం లాకులో పడవ పైకి లేస్తూంటే, "చూశారాండీ? ఇలాంటివి ఇంకో ఆరు," అన్నాను. మామగారు తృప్తిగా తలాడించారు.

రాజమండ్రి దాటింది, పోలవరం దాటింది. అక్కణ్ణుంచి గోదావరికి రెండు పక్కలా కొండలు మొదలయ్యాయి. పడవ లాగే కళాసులు పాటలు మానేశారు. పోలయ్య తల పైకెత్తి చూసి, ఇంకా పైకెత్తి చూసి, తలపాగా జారిపోతే పట్టుకున్నాడు.

"ఆరు చాలవండి," అన్నాడు నెమ్మదిగా.

మబ్బుకొండ రేవులో ఆ మన్యంలోనే ఉండే కొండరెడ్డి పెద్దాయన ఒకాయన చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. నేను దిగి అడిగాను.

"ఏవయ్యా, లాకు ఎటువైపు?"

"లాకంటే ఏంటయ్యా?"

చేతులు ఊపుతూ తలుపులూ నీళ్ళూ అన్నీ వివరించాను. అతను ఓపిగ్గా విన్నాడు. పడవని చూశాడు. కొండని చూశాడు. మళ్ళీ పడవని చూశాడు.

"ఈ పడవ పైకి రావాలా?"

"అవును."

"మంచిదయ్యా. దీనికి కాళ్ళున్నాయా?"

అప్పుడు చూశాను దారి. రాళ్ళ మధ్యనుంచి పైకి, పైపైకి పోయి మబ్బులో కలిసిపోతోంది. పడవ లోపల్నుంచి మామగారి గొంతు వినిపించింది.

"లాకు వచ్చిందాండీ, అల్లుడుగారూ?"

ఏం చెప్పను? ఆ మనిషి పది అడుగులు నడిస్తే రొప్పుతారు. వెనక్కి తీసుకుపోదామంటే కింద ఎండలు మండిపోతున్నాయి. అంత దూరం తిప్పినందుకే ఆయన పెదవులు నల్లబడి ఉన్నాయి. నన్ను నమ్మి వచ్చిన మనిషిని నేనే చంపుకునేలా ఉన్నానని భయం వేసింది. సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను.

"లాకులు లేవండీ, మావగారూ. కొండకి లాకులుండవటండీ."

ఆయన నన్నే చూశారు. తిడతారనుకున్నాను. ఆయన పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగక ఆయన గుండె పట్టుకున్నారు. సీతమ్మ పరుగున వచ్చి వీపు నిమిరింది. నిమురుతూనే తెరచాప కొయ్య వంక చూసింది, ఉయ్యాల బల్ల వంక చూసింది. నలుగురూ ఉన్నారన్న మొహమాటం కూడా మరిచిపోయింది.

"నాన్నగారు ఉయ్యాల మీద ఎంతసేపైనా కూర్చోగలరు కదండీ. ఆ కొయ్యకి ఉయ్యాల కడితే మనవాళ్ళు మొయ్యలేరాండీ?"

పోలయ్య ఒక్క గెంతు గెంతి కొయ్య ఊడదీయడం మొదలుపెట్టాడు. దానికి గొలుసులు తగిలించి, బల్ల వేలాడదీసి, మామగారిని కూర్చోబెట్టి కళాసులు భుజానికెత్తుకున్నారు. ఏటికి ఎదురు పడవని తాడుతో లాగే మనుషులు వాళ్ళు. ఆ హైలెస్సా పాట అందుకుని కొండకి ఎదురు నడిచారు. ముందు కొండరెడ్డి పెద్దాయన, వెనక ఊగుతూ మామగారు, ఆ వెనక సీతమ్మ, అందరికీ వెనక గంగాళం బోర్లించిన నెత్తితో నేను. గంగాళం మొయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఆ సమయంలో నా మొహం ఎవరికీ కనపడకుండా ఉంటే చాలనిపించింది.

మలుపు తిరిగినప్పుడల్లా మామగారు ఉయ్యాల మీద నుంచి తల తిప్పి అడిగేవారు.

"ఇది ఎన్నో లాకండీ, అల్లుడుగారూ?"

"ఒకటోదండీ... రెండోదండీ... మూడోదండీ," అనేవాణ్ణి గంగాళంలోంచి. నా గొంతు నాకే గుడి గంటలా మోగేది.

నాలుగో మలుపు దగ్గర చల్లగాలి తగిలింది. ఆయన ప్రశ్నలు ఆగిపోయాయి. ఏమైందోనని గంగాళం ఎత్తి చూశాను. కళ్ళు మూసుకుని, నోటితో కాదు, ముక్కుతో, మామూలు మనిషిలా గాలి పీలుస్తున్నారు. సీతమ్మ చేతిలో విసనకర్ర ఊరికే వేలాడుతోంది. దాన్ని అలా చూడడం నాకదే మొదలు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

వైద్యుడుగారు చెప్పినట్టే పైన దుమ్ము లేదు, బండి చప్పుడు లేదు. వారం తిరిగేసరికి మామగారు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. ఇంకో వారానికి కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఒక ఉదయం విడిది చూసుకునే గుమాస్తా మమ్మల్ని ఇళ్ళ వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ, ఆ కొండ నెత్తిమీద, మా కొత్తపేట చేలన్నీ పట్టేంత చెరువు ఉంది. నీళ్ళ మీద పొగమంచు తేలుతోంది.

"ఎంత బావుందండీ," అన్నారు మామగారు.

"బావుంటుంది గాని ఒకటే లోటండి," అన్నాడు గుమాస్తా. "ఇక్కడ పడవ లేదు. వచ్చిన పెద్దలందరూ చెరువులో తిరగాలని అడుగుతారు. కింద నుంచి ఇంత ఎత్తు పడవ ఎవరు తెస్తారు చెప్పండి?"

మామగారు మెల్లిగా నా వైపు తిరిగారు.

"అల్లుడుగారూ, మన పడవేదండీ?"

"కింద రేవులో వదిలేసేనండీ."

"కొండకి పడవ కావాలని అందరికంటే ముందు తెలుసుకున్న మనిషి, తీరా కొండ మీదికొచ్చేటప్పుడు పడవ వదిలేసి వస్తారాండీ?" అని, ఆయన మళ్ళీ నవ్వారు. ఈసారి ఎంతసేపు నవ్వినా దగ్గు రాలేదు. నవ్వు ఆపుకుని అన్నారు, "అమ్మాయిని శ్రావణంలో పంపించేస్తానండి."

అన్నట్టే పంపించారు. పోలయ్య పడవలోనే కొత్తపేట వచ్చింది సీతమ్మ. మా అమ్మ హారతిచ్చి లోపలికి రమ్మంది. మా ఇంటికి మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు దగ్గర ఆగి, తల వంచుకుని, నాకొక్కడికే వినపడేలా అడిగింది.

"ఇక్కడ లాకు పెట్టించలేదాండీ?"

ఆ గుమ్మం ముందే, హారతి సాక్షిగా, మనసులో ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఒక్కసారి చేసిన పొరపాటు రెండోసారి చెయ్యను. మళ్ళీ కొండెక్కితే, పడవ లేకుండా ఎక్కను.