పసుపు పాదముద్రల యోహాను సార్

యోహాను సార్ ఇక లేరన్న వార్తను నేను మొదట నమ్మలేదు. పోయిన మంగళవారం పొద్దున నేను కానిస్టేబుల్‌గా పనిచేసే స్టేషన్‌కు ఆర్మూర్ నుంచి ఫోన్ వచ్చింది. "డ్రిల్లు సార్ పోయిండు, గుండెపోటు" అని ఎవరిదో మగగొంతు. నువ్వెవరు, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావు, కళ్లారా చూశావా అని నిందితుణ్ణి అడిగినట్టు అడిగాను. లైను తెగిపోయింది. పెర్కిట్‌లో సార్ ఇంటి పక్క దుకాణానికి నేనే తిరిగి ఫోన్ చేశాను. ఆయన సతీమణి మార్తమ్మగారి ఏడుపు చెవిన పడ్డాక గాని నా సందేహం చావలేదు.

సార్ ఇరవై ఏళ్లకు పైగా ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు ఆశపడిన ఆలూర్, మెండోర ఊళ్ల రైతుబిడ్డలకు, మార్కెట్ యార్డులో కూలికి పోయేవాళ్ల పిల్లలకు పొద్దున్నే పరుగు నేర్పేవారు. ప్రతిఫలం ఆశించని విద్యాదానం అది. నల్లటి సన్నని మనిషి, మితభాషి. స్వభావమంతా సందేహమే. కాకపోతే ఆ సందేహం వస్తువుల మీద తప్ప మనుషుల మీద వాలేది కాదు. "షూను అనుమానించు బిడ్డా, మనిషిని నమ్ము" అనేవారు. నేను ఆయనను ఎరిగిన తొలినాళ్లలో ఆ మాట రోజుకొక్కసారైనా వినపడేది.

కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాళ్లను వెంటబెట్టుకొని ఆయన పెర్కిట్‌లోని చెప్పుల దుకాణానికి వెళ్లడం చూడవలసిన దృశ్యం. సాయంత్రమే వెళ్లేవారు. దినమంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన షూ మాపటికి కరుస్తుందని ఆయన వాదన. షూ లోపలికి చెయ్యి పెట్టి కుట్టు కుట్టూ తడిమేవారు. మడమ దగ్గర నొక్కేవారు. రెండు చేతులా పట్టి వంచేవారు. వేళ్ల దగ్గర వంగితే కొనడానికి పక్కన పెట్టేవారు, నడుమ వంగితే తిరిగి ఇచ్చేసేవారు. పెద్దవేలికి ముందు చేతి బొటనవేలంత జాగా లేకపోతే ఎంత సోకైన షూనైనా ముట్టనిచ్చేవారు కాదు. ఒకసారి దుకాణదారు విసిగి, "సార్, మీరు షూ కొంటున్నరా, దొంగను పట్టుకుంటున్నరా?" అన్నాడు. "దొంగ దొరికితే వదులుతనా మరి?" అన్నారు సార్, చెయ్యి షూలోంచి తియ్యకుండానే.

దుకాణానికి వెళ్లడానికి ముందు ఇంకొక పరీక్ష ఉండేది. పళ్లెంలో పసుపునీళ్లు కలిపి, అందులో పాదాలు ముంచి, పాత పేపరు మీద నడవమనేవారు. ముద్ర నడుమ సన్నగా పడితే పాదానికి వంపు ఎక్కువ, షూ అడుగున మెత్తటి అట్ట కావాలి. పాదమంతా అచ్చుపడితే చదును పాదం, గట్టి షూ కావాలి. పసుపుకు కొదవలేని ఊరు మాది. ఆ పేపర్ల మీద పేర్లు రాసి ట్రంకుపెట్టెలో దాచేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది తొంభైల మొదట్లో. ఇంటర్ అయిపోయింది. మహిళా కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు దరఖాస్తు పెట్టుకున్నాను. కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పి గ్రౌండుకు పోయేదాన్ని. నా వంతు వచ్చిన రోజు సార్ పళ్లెం నేల మీద పెట్టి పది అడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. నేనే పాదాలు ముంచాను, నేనే నడిచాను. నేను పక్కకు వెళ్లాకే ఆయన వచ్చి పేపరు తీసుకున్నారు.

పసుపు సరిగా కడుక్కోకుండా ఇల్లు చేరాను. మా అమ్మ లస్మవ్వ యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలి. పసుపు విషయంలో ఆమె కన్ను గప్పడం ఎవరి తరమూ కాదు.

"గిది యార్డు దుమ్ము కాదు. తడి పసుపు. పెండ్లిపిల్లకు పెట్టినట్టు పెట్టిండ్రు. ఎవరు పెట్టిండ్రే?"

నేను పాదాలు లంగా కిందికి లాక్కున్నాను.

"నిన్ను గ్రౌండ్‌ల చూసినమని చెప్తే నమ్మకపోతిని. చెప్పు, ఎవరు?"

అమ్మ చేతిలో చీపురు ఉంది. తప్పు నా మీద నుంచి ఎవరి మీదికైనా నెట్టెయ్యాలనిపించింది. "నేను రానన్న. డ్రిల్లు సారే రమ్మన్నడు. ఆయనే పూసిండు" అన్నాను.

అమ్మ కేక ఇరుగుపొరుగుకు వినిపించింది. మర్నాటికి యార్డంతా పాకింది. పరాయి ఆడపిల్ల కాళ్లకు పసుపు పూశాడన్న మాట మా దగ్గర చిన్న మాట కాదు. ఆ పెట్టెలో ఆడపిల్లల పాదాల పేపర్లు ఎందుకు దాచాడని ఒకరు, అందుకే కదా డబ్బు తీసుకోకుండా నేర్పేది అని మరొకరు. నిన్నటి దాకా గుణంగా కనిపించిన ప్రతిదీ ఒక్కరోజులో నేరానికి సాక్ష్యమైంది. బడివాళ్లు ఆయనను పిలిపించి ఆడపిల్లలకు నేర్పవద్దన్నారు. మిగిలిన నలుగురు అమ్మాయిలూ మానేశారు. సార్ ఏమీ మాట్లాడలేదట.

ఆ మౌనాన్ని కూడా నేను అనుమానించాను. ఏదో ఒక రోజు పగ తీర్చుకుంటాడని వీధి మలుపుల దగ్గర బెదురుతూ నడిచేదాన్ని. ఒకనాడు ఆయనే ఎదురయ్యారు. నన్ను చూసి తల వంచుకొని రోడ్డు అవతలి వైపుకు మారిపోయారు. ఆ రోజే యార్డుకు పోయి, కొమ్ములు ఏరుతున్న అమ్మ పక్కన కూర్చొని నిజం చెప్పాను. అమ్మ చెంప మీద ఒక్కటి వేసింది. తరువాత చెయ్యి పట్టి నేరుగా సార్ ఇంటికి తీసుకుపోయింది.

తలుపు తీసింది మార్తమ్మగారు. "ఇగ ఏం పూసిండంటరు?" అన్నారు.

"నా బిడ్డ అబద్ధమాడింది తల్లీ. రేపు యార్డుల పదిమందిల నిలబెట్టి దీనితోనే చెప్పిస్త" అంది అమ్మ.

లోపలి నుంచి సార్ గొంతు వినిపించింది. "తలుపు తెరిచే ఉంచు మార్తా. వాళ్లు గడప అవతలనే కూసోవాలె." కాసేపటికి ఆయన వచ్చారు. నా వైపు చూడలేదు. "ఎవరికీ చెప్పొద్దు లస్మవ్వా. పోలీసు నౌకరికి పోయే పిల్ల. అబద్ధాలకోరు అని పేరువడితే మళ్ల ఎవలు నమ్ముతరు? నా మీద వడ్డ మాట నేను మోసుకుంట." ఆగి, "షూ కొన్నదా?" అని అడిగారు.

కొన్నాను. ఒంటరిగా పోయి, తెల్లగా మెరిసేదాన్ని కొన్నాను. అమ్మ ఇంటికి పోయి తెచ్చి చూపింది. సార్ ఒక్కసారి వంచగానే నడుమ పటుక్కుమని విరిగింది. ఆయన నా పాదముద్ర పేపరు వెతికి మా అమ్మ చేతికిచ్చి, ఎట్లా చూడాలో చెప్పారు. అమ్మ శ్రద్ధగా విని, "కొమ్ము విరిస్తే టక్కుమనాలె, షూ వంచితే అనొద్దు. గంతేగద సారూ?" అంది. ఆ రోజు సార్ మొదటిసారి నవ్వారు. ఆ సాయంత్రం దుకాణంలో అమ్మ పదకొండు జతలు వంచి చూసి, బూడిదరంగు గుడ్డ షూ ఒకటి ఎంచింది. అది వేసుకునే నేను పరిగెత్తాను, ఉద్యోగం తెచ్చుకున్నాను.

తరువాత గ్రౌండులో మార్తమ్మగారు కుర్చీ వేసుకొని కూర్చునేవారు. ఆమెను చూసి బడివాళ్లు అడ్డు చెప్పలేదు, తల్లులు మళ్లీ ఆడపిల్లలను పంపారు. పళ్లెం పెట్టేదీ పేపరు తీసేదీ ఆమే. సార్ దూరం నుంచి చెప్పేవారు. ఎవరైనా వచ్చి నమస్తే పెడితే ముందు చుట్టూ చూసుకొని గాని బదులిచ్చేవారు కాదు. "మనిషిని నమ్ము" అన్న సగం మాట ఆయన నోట నేను మళ్లీ వినలేదు. ఒక సరళహృదయానికి లోకాన్ని శంకించడం నేర్పిన ఘనత నాదే.

బుధవారం సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక, నా వెనక ఒక పెద్దమనిషి పక్కవాడితో అన్నాడు. "మంచోడే పాపం. గా పసుపు ముచ్చట ఒక్కటి లేకుంటే."

వెనక్కి తిరిగాను. "అది అబద్ధం. ఆడింది నేనే" అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన నా యూనిఫాం వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు. "చచ్చినోని మీద గౌరవంతోని అంటున్నవేమో బిడ్డా" అన్నాడు. నలుగురు తలలూపారు. సత్యం ఆలస్యంగా వస్తే దానికి కూడా సాక్షులు కావాలి కాబోలు. ఉన్న సాక్షుల్లో మా అమ్మ రెండేళ్ల కిందటే పోయింది. మార్తమ్మగారి మాట భార్య మాటగానే చెల్లుతుంది.

అందుకే, నోటిమాట చాలదని, అచ్చులో రాసి సంతకం పెడుతున్నాను. యోహాను సార్ నా పాదాలను తాకలేదు. పది అడుగుల దూరంలో నిలబడ్డారు. ఆ పుణ్యమూర్తి పాదాలకు నేను మొక్కవలసిన దినాలన్నీ ఆయన బతికుండగానే గడిచిపోయాయి.

— గంగామణి