రైలులో నిద్రపోయిన స్టెల్లా

ఒక మనిషి చెయ్యి విరిగిన చప్పుడు ఎన్నో ఏళ్లుగా నా చెవుల్లో ఉంది. విరిచింది నేను కాదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్లూ బతికాను. మీకు మాత్రం మిగతాది కూడా చెబుతాను.

కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్ నుంచి ఎంతోమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లేవాళ్లు. నేనూ వెళ్లేవాణ్ణి, మెడలో కెమెరాతో. ఎవరికీ తెలియకుండా ఫోటోలు తీయడం నా పిచ్చి. ఫోకస్ దూరం ముందే సరిచేసుకుని, కెమెరాను పొట్ట మీద వేలాడనిచ్చి, కిటికీలోంచి ఎటో చూస్తూ, దగ్గుతూ మీట నొక్కేవాణ్ణి. దగ్గులో క్లిక్కు కలిసిపోయేది.

ఒక రోజు ఎదుటి సీటులో స్టెల్లా. మా వీధి మనిషే, గార్మెంట్స్‌లో కుట్టుపని. కూర్చునే నిద్రపోయింది. పక్కన ఎవరో తెలియని మనిషి, అతనూ నిద్రలోనే. రైలు కుదుపులకు ఆమె తల కొంచెం కొంచెంగా జారి అతని భుజం మీద వాలింది. తల జారుతుండగా రెండు, వాలాక ఒకటి, వరుసగా మూడు తీశాను. మూడోది చాలా బాగా వచ్చింది. దాన్ని మా ఊరి రాబర్ట్‌సన్‌పేటలో స్నేహితుడి స్టూడియో ముందున్న అద్దాల షోకేసులో పెట్టించాను. ఆమెను అడగలేదు. అడగాలని తోచలేదా, తోచినా తోసేశానా?

నాలుగో రోజు ఆమె భర్త దాసు వచ్చాడు. గని పని పోయి ఇంట్లోనే ఉండేవాడు. స్టూడియోలో నేనొక్కణ్ణే ఉన్నాను.

"ఇది యాడ తీసింది అప్పా? ఎవురు తీసినారు?"

"తెలీదప్పా. ఎవరో బెంగళూరాయన ఇచ్చిపోయినాడు."

"నా పెండ్లాము వాని మింద పడుకోనుండాది. ఎవుడప్పా వాడు? నీకు తెలిస్తే చెప్పు."

బెదిరించడం కాదు, బతిమాలుతున్నాడు. ముందు తీసిన రెండు ఫోటోలూ సొరుగులోనే ఉన్నాయి. అవి చూపిస్తే అది వట్టి నిద్రేనని అతనికి తెలిసిపోయేది. తీసింది నేనని కూడా తెలిసిపోయేది.

"తెలీదంటిని కదప్పా," అన్నాను.

సాయంత్రం స్టెల్లా రైలు దిగి రాగానే స్టేషన్ బయటే ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. తలను గోడకేసి కొట్టాడు. "ఎవుడే వాడు?" అతను దేని గురించి అడుగుతున్నాడో కూడా ఆమెకు తెలియదు. నోటి నుంచి రక్తం కారుతోంది. ముఖానికి అడ్డం పెట్టుకున్న చేతి మీద ఇనుప కడ్డీ పడింది. ఆ చప్పుడు. మళ్లీ ఇంకో దెబ్బ. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అడ్డం వెళ్లలేదు. దగ్గాను. నా వేలు మీట నొక్కింది.

ఎవరెవరో వచ్చి అతన్ని లాగేశారు. ఆమె చెయ్యి సరిగా అతకలేదు, కుట్టుపని పోయింది. అతన్ని వదిలేసి టేకల్‌లో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఫోటోలన్నీ కాల్చేశాను. ఆమె పరువు కోసమా? కాదు, నా కోసం.

పోయిన నెల మాలూరు సంతలో కనిపించింది. "బాగుండావా అన్నా?" అంది. బాగున్నానన్నాను.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆ ఫోటో తీసింది నేనే. ఆమె ఏ తప్పూ చేయలేదని ఈ లోకంలో కళ్లారా చూసి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమెకు కాదు, మీకు చెప్పేశాను.